ముందు ఆపడం నేర్పాం: విశాఖలో మా ఉపాధ్యాయ సంఘం చందా ఫోన్‌లోకి మారిన తీరు

నేను విశాఖపట్నం జిల్లాలో ఒక ఉపాధ్యాయ సంఘానికి కోశాధికారిని. బడిలో లెక్కలు చెబుతాను. 2025 జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి మా సభ్యత్వ చందాను నగదు నుంచి ఫోన్ చెల్లింపుల్లోకి మార్చే పని పెట్టుకున్నాం. మొదటిసారి బాగా దెబ్బతిన్నాం. పద్ధతి మార్చుకున్నాక పని నడిచింది. ఏది ఎందుకు నడవలేదో, ఏది ఎలా నడిచిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వేరే జిల్లాల్లో ఇదే పని భుజాన వేసుకున్నవాళ్లకి మా అనుభవం పనికొస్తే చాలు.

మాది 11 మండలాల జిల్లా. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి జిల్లా విడిపోయినప్పుడు అనకాపల్లి వైపు మండలాలూ, ఏజెన్సీ మండలాలూ వేరే జిల్లాలయ్యాయి. భీమిలి నుంచి గాజువాక దాకా ఉన్న ముక్క మాకు మిగిలింది. మ్యాపులో చూస్తే చిన్నదే. కానీ పద్మనాభం మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలకీ, పెదగంట్యాడలో ఒక హైస్కూలుకీ ఒకే రోజు వెళ్లి రావాలంటే పొద్దు గుంకిపోతుంది.

రశీదు పుస్తకం చేసే పని

ఏడాది సభ్యత్వం మూడు వందలు. జూన్‌లో బడులు తెరిచాక మండల శాఖ వాళ్లు రశీదు పుస్తకాలు పట్టుకుని బండి మీద బయల్దేరేవారు. మధ్యాహ్న భోజనం వేళకో, ఎవరికైనా లీజర్ ఉన్న పీరియడ్‌లోనో స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని రశీదులు రాసేవారు. వచ్చిన డబ్బులో మండలానికో వాటా, జిల్లాకో వాటా, రాష్ట్రానికో వాటా.

కష్టమంతా ఆ తర్వాత మొదలయ్యేది. వసూలైన నగదు బ్యాంకులో పడేసరికి వారాలు పట్టేది. పుస్తకాలు తిరిగి చేరేసరికి దసరా దాటేది. యాభై రశీదుల పుస్తకంలో 49 కౌంటర్‌ఫాయిళ్లకి లెక్క కుదిరి ఒకటి కుదరకపోతే, ఆ మండల కార్యదర్శికి రాత్రి నిద్ర ఉండేది కాదు. చివరికి ఆ మూడు వందలూ తన జేబులోంచే వేసేవారు. ఇలా సొంత డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. ఎవరూ బయటికి చెప్పుకోలేదు. ఈ మార్పు కావాలని నేను పట్టుబట్టడానికి పెద్ద కారణం వాళ్లే.

అయితే ఆ పుస్తకం మరో పని కూడా చేసేదని నాకు అప్పట్లో తట్టలేదు. రశీదు రాయడానికి వెళ్లిన మనిషి అరగంట కూర్చుని ఎవరి సర్వీసు రిజిస్టరు ఎక్కడ ఆగింది, ఎవరికి మెడికల్ బిల్లు రాలేదు, ఎవరి బదిలీలో అన్యాయం జరిగింది అన్నీ వినేవాడు. వంద మాటల తర్వాత మూడు వందలు. మేము ఆ వంద మాటలూ తీసేసి మూడు వందలు మాత్రమే ఫోన్‌లో అడిగాం. జూన్‌లో మేము చేసిన తప్పు అదే.

జీతంలోంచే కోయిస్తే సరిపోదా?

ఈ ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వచ్చింది. "పీఎఫ్ కోస్తున్నారు, ఏపీజీఎల్ఐ బీమా కోస్తున్నారు, వృత్తిపన్ను కోస్తున్నారు. చందా కూడా జీతం బిల్లులోనే పెట్టించేస్తే గొడవ వదిలిపోతుంది కదా మాస్టారూ?" అని.

నేను గట్టిగా వద్దన్నాను. అలా కోయించుకున్న సంఘాలకి అమెరికాలో ఏం జరిగిందో చదివి ఉన్నాను. విస్కాన్సిన్ రాష్ట్రంలో 2011లో వచ్చిన చట్టం చాలామంది ప్రభుత్వ ఉద్యోగుల జీతాల్లోంచి సంఘం చందా కోయడాన్ని ఆపేసింది. ఫ్లోరిడాలో 2023లో అలాంటిదే మరో చట్టం వచ్చింది. పోలీసులకీ అగ్నిమాపక సిబ్బందికీ మినహాయింపు ఇచ్చి, టీచర్ల సంఘాలకి మాత్రం జీతంలో కోత తీసేశారు. దాంతోపాటు, సంఘం ఎవరి తరఫున మాట్లాడుతుందో ఆ ఉద్యోగుల్లో కనీసం 60 శాతం మంది చందా కట్టే సభ్యులై ఉండాలని షరతు పెట్టారు. అంటే జీతం కోత మీద నిశ్చింతగా నడిచిన సంఘాలు, ఉన్నట్టుండి ఒక్కొక్క టీచరు దగ్గరికీ వెళ్లి సొంత ఖాతా నుంచి నేరుగా చందా కట్టేలా మార్చుకోవలసి వచ్చింది. అదీ సభ్యత్వం పడిపోతే గుర్తింపే పోతుందన్న టెన్షన్‌లో. మనం ఎవరితో మాట్లాడటానికి సంఘం పెట్టుకున్నామో, మన చందా మీట వాళ్ల చేతిలోనే పెట్టడం నాకు ఇష్టం లేదు. కార్యవర్గం కూడా ఒప్పుకుంది.

బ్యాంకు నాచ్ ఫారాలు కూడా ఆలోచించాం. కాగితం మీద సంతకం చేసి ఇస్తే ఖాతా నుంచి ఏటా వచ్చేస్తుంది. కానీ ఇరవై ఏళ్ల కిందట ఖాతా తెరిచినప్పుడు చేసిన సంతకానికీ ఇప్పటి సంతకానికీ పోలిక కుదరక ఫారం వెనక్కి వస్తుంది. ఆ తేదీన ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు జరిమానా వేస్తుంది. మూడు వందల చందా కోసం సభ్యుడికి జరిమానా పడితే ఆయన మొహం మేము చూడగలమా?

మిగిలింది యూపీఐ. 2016లో మొదలైనప్పుడు మా స్టాఫ్‌రూముల్లో దాన్ని నమ్మినవాళ్లు తక్కువ. ఇప్పుడు పూర్ణా మార్కెట్‌లో కొత్తిమీర కట్ట కొన్నా స్కానింగే. ఏటా దానంతటదే కట్ అయ్యే ఆటోపే సదుపాయం 2020లో వచ్చింది. ఒక్కసారి పిన్ కొట్టి అనుమతి ఇస్తే చాలు. మన చందా లాంటి చిన్న మొత్తాలకి మళ్లీ పిన్ అడగదు. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. వద్దనుకుంటే సభ్యుడే తన ఫోన్‌లో తీసేయవచ్చు. ఆటోపే నడిపే గేట్‌వే సంస్థకి కొంత రుసుము కట్టాలి, అది సంఘమే భరించాలని తీర్మానించాం. ఆటోపే వద్దనేవాళ్లు ఏడాదికోసారి స్కాన్ చేసి కట్టవచ్చు. రెండూ సమానమే, ఎంచుకోవడం సభ్యుడి ఇష్టం.

జూన్‌లో ఏం జరిగింది

మండల వాట్సాప్ గ్రూపుల్లో క్యూఆర్ కోడ్ పెట్టాం. కింద నాలుగు లైన్ల సూచనలు రాశాం. మొదటి రెండు రోజులు స్క్రీన్‌షాట్లు వరదలా వచ్చాయి. మాకు మహా సంతోషం.

మూడో రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ తీశాను. యూపీఐలో వచ్చిన ప్రతి పద్దులోనూ పంపినవారి పేరు ఇంగ్లీషులో ఏడెనిమిది అక్షరాల దగ్గర తెగిపోయి ఉంది. విశాఖలో ఇది ఎంత ఇబ్బందో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. సింహాద్రి అప్పన్న కొలువున్న ఊరు. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, అప్పలసూరి... స్టేట్‌మెంట్‌లో అందరూ అప్పల దగ్గరే ఆగిపోయారు. సింహాచలాలూ అంతే. లక్ష్ములూ, వెంకటలూ సరేసరి. ఎవరి మూడు వందలు ఎవరివో తేలదు. కొందరు భర్త ఫోన్ నుంచో, కొడుకు ఫోన్ నుంచో పంపారు కాబట్టి ఆ తెగిన పేరు కూడా వాళ్లది కాదు. స్క్రీన్‌షాట్లతో పోల్చి చూద్దామంటే, వాటిలో కొన్ని ఇంకా పెండింగ్ చూపిస్తున్నవి.

దీనికి తోడు ఒక మండలంలో మా మిత్రుడు పని తేలిక అవుతుందని తన సొంత ఖాతా క్యూఆర్ కోడ్ గ్రూపులో పెట్టాడు. ఆయన నిజాయితీ మీద ఎవరికీ అనుమానం లేదు. కానీ స్కాన్ చేస్తే సంఘం పేరు బదులు ఒక వ్యక్తి పేరు వచ్చేసరికి జనం వేలు వెనక్కి తీసుకున్నారు. వాళ్లు చేసింది సరైన పనే. ఆ కోడ్ ఆ రోజే తీయించాం. ఆ డబ్బు సంఘం ఖాతాకి మార్చి, పైసాతో సహా లెక్క గ్రూపులో పెట్టాం. అప్పటి నుంచి సంఘం పేరు మీద ఉన్న ఖాతా తప్ప వేరేది వాడకూడదని తీర్మానం. ఆ ఖాతాకి ఇద్దరి సంతకాలు ఉండాలి.

అదే వారంలో గోపాలపట్నం వైపు ఒక మేడంకి ఫోన్ వచ్చింది. "సంఘం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామండి. మీ చందా రెండుసార్లు కట్ అయింది. తిరిగి వేస్తున్నాం, మీ ఫోన్‌కి వచ్చిన రిక్వెస్ట్ ఓకే చేసి పిన్ కొట్టండి" అన్నాడట అవతలి మనిషి. ఆవిడ "నేను ఏ స్కూలో చెప్పండి" అని అడిగారు. అతను తడబడ్డాడు. ఆవిడ ఫోన్ పెట్టేసి మండల కార్యదర్శికి చెప్పారు. డబ్బేమీ పోలేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా ఇప్పించాం. కానీ "సంఘం చందా పేరుతో మోసం" అన్న మాట గంటలో జిల్లా అంతా తిరిగింది. ఆ తర్వాత చెల్లింపులు ఆగిపోయాయి. జూలై ఆఖరికి చూస్తే, ముందటేడు అదే సమయానికి రశీదు పుస్తకాలతో వచ్చినదాంట్లో సగం కూడా లేదు.

ఆనందపురంలో ఒక ప్రశ్న

ఆగస్టులో ఆనందపురం వైపు ఒక సమావేశానికి వెళ్లాను. ఆటోపే ఎలా పెట్టుకోవాలో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. అయ్యాక వెనక వరుసలో కూర్చున్న ఒక సోషల్ మాస్టారు లేచారు. నాకంటే ఎనిమిదేళ్లు సీనియర్.

"పెట్టుకోవడం చెప్పారు, బాగానే ఉంది. తీసేయడం ఎలాగో ఒక్క ముక్క చెప్పలేదేం?" అన్నారు.

నా దగ్గర జవాబు ఉంది. కానీ చెప్పాలని నాకు తట్టనే లేదు. చందా పోగుచేయడానికి వెళ్లినవాడు దాన్ని ఆపడం ఎందుకు నేర్పుతాడు అన్నట్టే ఉంది నా ఆలోచన. ఆయన ఇంకో మాట చెప్పారు. "నా ఖాతాలోంచి నెలనెలా ఏదో పోతోంది. ఎక్కడికి పోతోందో తెలీదు. మా అబ్బాయినడిగితే 'చూస్తాలే నాన్నా' అంటాడు. దాని సంగతే తేల్చుకోలేకపోతున్నాను, ఇప్పుడు మీది కూడానా?"

టీ తాగుతున్నప్పుడు ఆయన పక్కన కూర్చున్నాను. ఫోన్ ఆయన చేతిలోనే ఉంచి, యాప్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కమన్నాను. కిందికి జరిపితే ఆటోపే అని కనిపించింది. అందులో రెండు ఉన్నాయి. ఒకటి సినిమాలు చూసే యాప్, దాని సంగతి ఆయనకి తెలుసు. రెండోది ఏదో చదువుల యాప్. మనవడికి ఉచిత ట్రయల్ అని ఎప్పుడో పెట్టినదట. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని ఆ పేరు రెండుసార్లు చదివారు. "తీసేయనా?" అని నన్నడిగారు. "మీ డబ్బు, మీ ఇష్టం మాస్టారూ" అన్నాను. ఆయనే నొక్కారు. రద్దయినట్టు మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ పక్కన కూర్చున్నాయనకి చూపించారు, ఆ పక్కాయనకీ చూపించారు. ఐదు నిమిషాల్లో మా చుట్టూ పది మంది ఎవరి ఫోన్ వాళ్లు తెరిచి ఆటోపే వెతుక్కుంటున్నారు.

మా చందాకి ఆటోపే పెట్టమని నేను ఆ రోజు అడగలేదు. వెళ్లేటప్పుడు ఆయనే అడిగి పెట్టించుకున్నారు.

జనం భయపడుతున్నది ఫోన్‌కీ పిన్‌కీ అని మేము అనుకున్నాం. వాళ్లకి కావలసింది అదుపు. ఒకసారి వేలు పెడితే మళ్లీ బయటికి రాలేమేమో అన్నదే అసలు భయం. ఆ రాత్రి శిక్షణ కాగితం మొత్తం తిరగరాశాను. మొదటి పాఠం, ఉన్న ఆటోపేలు ఎలా చూసుకోవాలి. రెండోది, అక్కర్లేనిది ఎలా తీసేయాలి. మూడోది, సంఘం చందా ఎలా పెట్టుకోవాలి. నాలుగోది, దాన్ని వెంటనే రద్దు చేసి చూడటం. ఇష్టమైతే మళ్లీ పెట్టుకోవచ్చు. రద్దు దగ్గరే ఆగిపోయినా ఫర్వాలేదు, స్కాన్ చేసి కట్టవచ్చు.

నాలుగో పాఠానికి కార్యవర్గంలో అభ్యంతరం వచ్చింది. "చేతికందింది మనమే వదిలేసుకుంటామా?" అన్నారు. నేను పట్టు విడవలేదు. తీరా చూస్తే, రద్దు చేసి చూసినవాళ్లలో ఎక్కువమంది అక్కడే కూర్చుని మళ్లీ పెట్టుకున్నారు.

ఫోన్ వాళ్ల చేతిలోనే

సెప్టెంబరు నుంచి మళ్లీ బడులకి వెళ్లడం మొదలుపెట్టాం. రశీదు పుస్తకం రోజుల్లో వెళ్లినట్టే వెళ్లాం. ఇద్దరం వెళ్లాలి, అందులో ఒకరు మేడం అయి ఉండాలి. ఒక విడతలో ఐదుగురికి మించి కూర్చోబెట్టకూడదు. సభ్యుల ఫోన్ మనం ముట్టుకోకూడదు. పిన్ కొట్టేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి. ఇందులో చివరి రెండూ నేను ఎవరికీ సడలించలేదు. పని ఆలస్యమవుతుందని ఫోన్ లాక్కుని టకటకా నొక్కేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. అలా చేస్తే ఆ రోజుకి పని అయిపోతుంది, వచ్చే ఏడాది మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంకో సంగతి కూడా మనసులో ఉంది. 2022లో ముఖ గుర్తింపు హాజరు యాప్‌ను టీచర్లు సొంత ఫోన్లలో వేసుకోవాలన్నప్పుడు సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మా ఫోన్ మా సొంతం, అందులో ఏముండాలో మీరెలా చెబుతారని అడిగిన గొంతుల్లో మాదీ ఒకటి. ఇప్పుడు మేమే వెళ్లి ఫోన్ తీయమంటున్నాం. అందుకే కొత్త యాప్ ఏదీ వేయించకూడదని ముందే నిర్ణయించాం. వాళ్ల ఫోన్‌లో అప్పటికే ఉన్నదానితోనే పని. పేరు, బడి, ఫోన్ నంబరు, ట్రెజరీ ఐడీ (జీతం బిల్లుల్లో ప్రతి ఉద్యోగికీ ఉండే నంబరు) తప్ప ఏ వివరమూ రాసుకోలేదు. ఖాతా నంబర్లు అసలు అడగలేదు.

కొన్ని అడ్డంకులు ప్రతి మండలంలోనూ ఎదురయ్యాయి. కొత్త ఫోన్‌లో యూపీఐ మొదలుపెట్టాలంటే బ్యాంకుకి ఇచ్చిన సిమ్ నుంచే ఒక ఎస్ఎంఎస్ వెళ్లాలి. రెండు సిమ్‌లు ఉన్న ఫోన్‌లో అది రెండో సిమ్ నుంచి వెళితే పని జరగదు. ఆ సిమ్‌లో ఎస్ఎంఎస్ పంపే బ్యాలెన్స్ లేకపోయినా అంతే. మొదటి వారంలో ఎందుకు ఆగిపోతోందో అర్థం కాక మేము పడ్డ అవస్థ అంతా దీనివల్లే. తర్వాత కూర్చోగానే మొదట అడిగేది "బ్యాంకులో ఏ నంబరు ఇచ్చారు, అది ఏ సిమ్‌లో ఉంది?" అనే. డెబిట్ కార్డు గడువు దాటిపోయిందన్నవాళ్లకి ఆధార్ ఓటీపీతో పిన్ పెట్టుకునే దారి చూపించాం. సిగ్నల్ అందని గదులు ఉంటాయి, ఓటీపీ కోసం గ్రౌండ్‌లో చెట్టు కిందికి వెళ్లాలి. పద్మనాభం కొండ దగ్గర ఒక బడిలో మా శిక్షణ మొత్తం వేపచెట్టు కిందే జరిగింది.

ఒక పెద్దావిడ బ్యాంకుల జాబితా పైనుంచి కిందికి మూడుసార్లు చూసి "నాది లేదండీ" అన్నారు. ఆవిడ వెతుకుతున్నది ఆంధ్రా బ్యాంకు. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన సంగతి ఆవిడకి తెలుసు. అయినా పాస్‌బుక్ పాతదే, ఆవిడ దృష్టిలో ఖాతా ఆంధ్రా బ్యాంకుదే. "మన పట్టాభి సీతారామయ్య గారి బ్యాంకండీ" అన్నారు. నేను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత యూనియన్ బ్యాంకు అన్న చోట నొక్కారు, ఖాతా వచ్చింది.

నాకు బాగా గుర్తుండిపోయింది గాజువాకలో ఒక ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు). "బ్యాంకు నంబరు మా ఆయన ఫోన్‌లో ఉందండి. సాయంత్రం ఆయన వచ్చాక వేయిస్తాను" అన్నారు. ఇలాంటివాళ్లు ఒకరిద్దరు కాదు. జీతం తమది, ఖాతా తమది, ఓటీపీ మాత్రం మరొకరి జేబులో మోగుతుంది. ఇది చందా సమస్య కాదు, మేము చెప్పగలిగిన విషయం కూడా కాదేమో అని వెనకాడాం. నాతో వచ్చిన మేడం మాత్రం ఆవిడ పక్కన కూర్చుని మెల్లగా చెప్పారు. "చందా సంగతి తర్వాత చూద్దాం. ముందు బ్రాంచికి వెళ్లి నీ ఖాతాకి నీ నంబరు ఇప్పించుకో. జీతం పడిన మెసేజ్ నీ ఫోన్‌కే రావాలి." రెండు వారాల తర్వాత ఆ ఎస్జీటీ నుంచి మూడు వందలు వచ్చాయి. వివరం గడిలో ట్రెజరీ ఐడీ, దాని పక్కన "నా ఫోన్ నుంచే" అని రాసి ఉంది.

పద్దులు కుదిరిన తీరు

అప్పలరాజుల సమస్యకి మందు ట్రెజరీ ఐడీలో దొరికింది. ఏడంకెల ఆ నంబరు ప్రతి టీచరుకీ నోటికి వస్తుంది. చెల్లింపు లింకులో మొత్తం, సంఘం పేరు ముందే నింపి ఉంచాం. వివరం గడిలో ట్రెజరీ ఐడీ రాయమన్నాం. భర్త ఫోన్ నుంచి వచ్చినా, కొడుకు ఫోన్ నుంచి వచ్చినా డబ్బు ఎవరిదో ఐడీ చెబుతుంది. ఐడీ మర్చిపోయిన చోట యూపీఐ 12 అంకెల రిఫరెన్స్ నంబరుతో వెతుకుతాం. స్క్రీన్‌షాట్ బొమ్మ అక్కర్లేదు, ఆ 12 అంకెలు టైప్ చేసి పంపమంటాం.

రోజూ రాత్రి ఎనిమిదికి నేను స్టేట్‌మెంట్ దించి, ఆ రోజు వచ్చినవాటికి ఆ రోజే రశీదు పంపుతాను. ఇందులో ఒక్క రోజు కూడా జాప్యం పనికిరాదని నా గట్టి నమ్మకం. డబ్బు పంపిన మనిషికి పడుకునే లోపు రశీదు చేరాలి. రశీదు నంబర్లు పాత పుస్తకాల వరుసనే కొనసాగించాం. సంఘం ఎన్నికల ఓటర్ల జాబితా ఈ రశీదుల నుంచే తయారవుతుంది కాబట్టి, ఎవరి పేరు ఎందుకు లేదన్న తగువు వచ్చినప్పుడు చూపించడానికి ఒకే వరుస ఉండాలి.

భీమిలి వైపు ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారు "ఏటి మాస్టారూ, ఇప్పుడు రశీదు కూడా ఫోనేనా?" అన్నారు. బీరువాలోంచి ఒక కవరు తీశారు. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి కట్టిన ప్రతి చందా రశీదూ అందులో ఉంది, రబ్బరు బ్యాండు వేసి. కొన్నిటి మీద ఇంకు వెలిసిపోయింది. రాసిన నాయకుల్లో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆయన ఒక్కొక్క సంతకం చూపించి అది ఎవరిదో, ఆ ఏడాది ఏ పోరాటం నడిచిందో చెప్పారు. ఆ కవరు చూశాక, అడిగినవాళ్లకి కాగితం రశీదు అచ్చువేసి సంతకంతో ఇవ్వాలని నిర్ణయించాం. ఆయనే ఇంకో మాట కూడా గుర్తుచేశారు. "హుద్‌హుద్ వచ్చినప్పుడు మీ ఫోన్లు ఏమయ్యాయి?" అని. నిజమే. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను విశాఖ మీద విరుచుకుపడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అందుకే ప్రతి మండలంలో ఒక రశీదు పుస్తకం ఇప్పటికీ ఉంచాం. ఫోన్ వాడనివాళ్లు, ఫోన్‌లో కట్టడం ఇష్టంలేనివాళ్లు నగదు ఇవ్వవచ్చు. వాళ్లని ఎవరూ చిన్నచూపు చూడకూడదని కార్యదర్శులకి మరీ మరీ చెప్పాం.

కొత్తవాళ్ల దగ్గర ఇంకో పాఠం నేర్చుకున్నాం. 16,347 పోస్టులతో వచ్చిన 2025 మెగా డీఎస్సీలో ఎంపికైన పిల్లలు ఆ శరదృతువులో బడుల్లో చేరారు. పిల్లలు అంటే నొచ్చుకుంటారేమో, నా కళ్లకి అలాగే కనిపిస్తారు. లింక్ పంపితే అర నిమిషంలో కట్టేశారు, శిక్షణ అవసరమే లేదు. అది చూసి వాళ్ల బడులకి వెళ్లడం వాయిదా వేశాం. రెండు నెలల తర్వాత అందులో ఒక అమ్మాయి మా జిల్లా అధ్యక్షుడినే "మీరు ఏ డిపార్ట్‌మెంట్ సార్?" అని అడిగింది. చందా కట్టిన సంఘంలో ఒక్క మనిషి మొహం కూడా ఆమెకి తెలియదు. ఆ మర్నాటి నుంచి, ఫోన్‌లో కట్టేసినవాళ్ల బడులకి కూడా తప్పనిసరిగా వెళ్తున్నాం.

వాటాల తగువు మాత్రం ఇంకా తేలలేదు. బదిలీ అయిన సభ్యుడి ఆటోపే దానంతటదే నడుస్తుంది. కానీ మండలం వాటా ఆయన్ని చేర్పించిన పాత మండలానికా, ఇప్పుడు పనిచేస్తున్న మండలానికా? ఎవరి బడిలో ఉన్నారో, ఎవరు ఆయన పనులు చూస్తున్నారో వాళ్లకే వెళ్లాలని నా అభిప్రాయం. పాత మండలాలు ఒప్పుకోవడం లేదు.

రద్దు చేసినవాళ్ల జాబితా

ఆటోపే పెట్టుకున్నవాళ్లలో కొందరు తర్వాత తీసేశారు. గేట్‌వే పేజీలో వాళ్ల పేర్లు కనిపిస్తాయి. వాళ్లకి ఫోన్ చేయడం నా పనిగా పెట్టుకున్నాను. మళ్లీ పెట్టమని అడగను. ఎందుకు తీశారో కనుక్కుంటాను. ఎక్కువమందివి మామూలు కారణాలే. బ్యాంకు మారారు, ఫోన్ మారింది, ఒకసారి స్కాన్ చేసి కట్టడమే బాగుందనిపించింది.

పెందుర్తి వైపు ఒక మాస్టారు మాత్రం వేరే మాట చెప్పారు. "నా 12 ఏళ్ల సర్వీసుకి రావాల్సిన స్కేలు ఫైలు గురించి మీవాళ్లకి మూడుసార్లు చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. ఆపడం మీరే నేర్పారుగా, ఆపేశాను."

పాత పద్ధతిలో అయితే ఈ మాట మాకు చేరేది కాదు. కార్యదర్శి ఎదురుగా రశీదు పుస్తకం తెరిచి కూర్చుంటే, మొహమాటానికి మూడు వందలు ఇచ్చేసి మనసులోనే ఉంచుకునేవారు. నేను అది కార్యవర్గంలో యథాతథంగా చదివాను. అప్పటి నుంచి మండల సమావేశాల్లో మొదటి అంశం రద్దు చేసినవాళ్ల జాబితాయే, వసూళ్ల లెక్క ఆ తర్వాతే.

ఆయన సర్వీసు రిజిస్టరు నకలు తెప్పించి చూశాం. ఒక ఎంట్రీ కింద అధికారి సంతకం లేదు, ఫైలు అక్కడే ఆగింది. వచ్చే సోమవారం ఆయనా నేనూ కలిసి ఆ ఆఫీసుకి వెళ్తున్నాం.